సున్నా అర

అచ్చుల గది,
సోమవారం, టీ వేళ

కోడలు పిల్లకి,

దీవెనలు చివర్లో ఇస్తాను. ముందు తిట్లు పట్టు.

సెలవుల్లో వచ్చి, మా కృత్రిమ కాళ్ళ వర్క్‌షాపులో నాలుగు రోజులు కూర్చుని, నా ఇరవై ఆరేళ్ళ నోటుపుస్తకాన్ని లాక్కుని, అందులో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించి వెళ్ళావు. "ఇంక నువ్వు వెతుక్కోనక్కర్లేదు మామయ్యా, ఎవరి కాలి అచ్చు ఎక్కడుందో అదే చెప్తుంది" అన్నావు. చెప్తోంది తల్లీ. ఏం చెప్తోందో నువ్వే చూడు. తెర మీద ఎర్రగా వచ్చింది ఉన్నదున్నట్టు దించాను:

IndexError: list index out of range

పక్కగదిలో చదువుకున్న అమ్మాయిని అడిగితే, నువ్వడిగిన చోటు లేదు అని దానర్థమట. లేకపోవడమేమిటి? మూడో బీరువా, రెండో అర, ఐదో గడి. మూడో బీరువా నా ముక్కుకి ఎదురుగా ఉంది. లేచి వెళ్ళి తాకి కూడా వచ్చాను. మళ్ళీ కొట్టాను, మళ్ళీ లేదంది. పోనీ మొదటి బీరువా, మొదటి అర, మొదటి గడిలో ఎవరున్నారని అడిగితే ఎవరిదో సంబంధం లేని పేరు చెప్పింది. ఉన్నది లేదనడం, అడిగింది మానేసి ఇంకోటి చెప్పడం. ఈ గుణాలు నీకు చిన్నప్పట్నుంచీ ఉన్నాయి, దానికీ అంటించావా?

నవ్వుకోకు. మా దగ్గర అచ్చుల మీద పేర్లు రాయం, అది నీకు తెలుసు. ఒకప్పుడు రాసేవాళ్ళం. ఒకాయన వచ్చి, తన పేరున్న అచ్చు ముక్కలై చెత్తకుండీలో కనబడితే, అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ రోజే నేను పేర్లు మాన్పించాను. అప్పట్నుంచీ ఏ అచ్చు ఎవరిదో చెప్పేది అది ఉన్న చోటే. బీరువా, అర, గడి. చోటు తప్పితే ఒకరి కాలి అచ్చు మీద ఇంకొకరికి కృత్రిమ కాలి తొడుగు చేస్తాం. అర్థమైందా?

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. కిందటిసారి ఇద్దరం ఒకేసారి అరిచి ఒకేసారి పెట్టేశాం. ఉత్తరం చేరడానికి నాలుగు రోజులు పడుతుంది. నీకు కోపం వచ్చే వేళకి నాది తగ్గుతుంది. ఆ మాత్రం తేడా ఉంటే మనిద్దరికీ మంచిది.

ఇంకొకటి. నీకు ఐదేళ్ళప్పుడు ఏడుపు మానిపించడానికి నీ కుడిచేతికి ప్లాస్టర్ పోత పోశాను. అదింకా ఈ గదిలోనే ఉంది, చిటికెనవేలి కొస విరిగింది. దాన్ని కూడా నీ లిస్టులో ఎక్కించనా, వద్దా? రాయి.

దీవెనలు.
మామయ్య


మూడో అంతస్తు, నా గది,
ఆదివారం

మామయ్యకి,

తిట్లు భద్రంగా అందాయి. తప్పు నాదే, కానీ బీరువాది కాదు, లెక్కది.

కంప్యూటర్లో నీ గది ఎలా ఉందో చెప్తాను. ఒక పెద్ద లిస్టు. అందులో మూడు లిస్టులు, అవి నీ మూడు బీరువాలు. ఒక్కోదాంట్లో ఆరేసి లిస్టులు, అవి అరలు. ఒక్కో అరలో గడుల వరస, గడిలో మనిషి పేరు. లిస్టులో లిస్టు, దాంట్లో ఇంకో లిస్టు. కాబట్టి ఒక పేరు దగ్గరికి వెళ్ళాలంటే మూడు అంకెలు చెప్పాలి.

వచ్చిన చిక్కల్లా పైథాన్, అంటే నేను ఇది రాసిన కంప్యూటర్ భాష, ఒకటి నుంచి లెక్కపెట్టదు, సున్నా నుంచి మొదలెడుతుంది. మొదటి బీరువా దానికి సున్నా, రెండోది ఒకటి, మూడోది రెండు. నువ్వు మూడు అంటే అది నాలుగో బీరువా కోసం వెళ్ళి, లేదని వెనక్కి వచ్చింది. నువ్వు ఒకటి అంటే రెండోదాని దగ్గరికి పోయింది. నేను పరీక్షించినప్పుడు సున్నాలతో కొట్టాను గనక తెలియలేదు. నీలాగా మనుషులు లెక్కపెట్టినట్టు కొట్టి చూడాల్సింది.

నేను రాసిన ప్రోగ్రాంలో నలభై ఒకటో వరస తీసేసి ఇది కొట్టు. వరస మొదట్లో వదిలే ఖాళీ కూడా పాతదానికి ఉన్నంతే ఉండాలి:

beeruva[b-1][ara-1][gadi-1] = peru

నువ్వు మామూలుగా ఒకటి నుంచి లెక్కపెట్టుకో, అది తనకి తనే ఒకటి తగ్గించుకుంటుంది. పేరు కొట్టి చోటు అడిగితే ఒకటి కలిపి చెప్తుంది. నువ్వు మనసులో తగ్గించడం లాంటి తెలివితేటలు చూపించకు.

ఆఫీసులో ఊపిరి సలపడం లేదు. ఉంటాను.

కోడలు


అచ్చుల గది,
మంగళవారం

కంప్యూటరమ్మకి,

ఆ ఒక్క వరస కొట్టడానికి నాకు గంటన్నర పట్టింది. మొదట ఖాళీ ఎక్కువైంది, అరిచింది. తగ్గించాను, అరిచింది. నీ చదరపు బ్రాకెట్ బదులు గుండ్రంది పడింది, ఇంకా గట్టిగా అరిచింది. మా అత్తగారు కూడా నన్ను ఒక్క పూటలో ఇన్నిసార్లు తప్పు పట్టలేదు. చివరికి కుదిరింది. మూడో బీరువా ఉందని ఒప్పుకుంది.

కుదిరిందని సంబరపడి నాలుగు అచ్చులు ఎక్కించానో లేదో, రెండో బీరువా నాలుగో అర ఎనిమిదో గడి దగ్గర మళ్ళీ అదే ఎర్ర మాట. అవుట్ ఆఫ్ రేంజ్. అన్ని అరలకీ ఎనిమిదేసి గడులు. మరి దీనికేం వచ్చింది? ఒకసారి ఒప్పుకుని ఒకసారి కాదంటుంటే నేను దేన్ని నమ్మాలి? తల ప్రాణం తోకకి వస్తోంది.

ఇక్కడితో దాని గొడవ అయిపోయింది. ఇంక నా కబుర్లు.

సున్నా నుంచి లెక్కపెడుతుందని రాశావు చూడు, అది చదివి నాకు భలే సరదా వేసింది. ఎందుకంటే నాకూ ఒక సున్నా ఉంది. బీరువాల్లో అరల అంకెలు మోకాలి ఎత్తు నుంచి పైకి ఒకటి, రెండు అని వేశాడు వడ్రంగి. వాటికి కింద, నేలకి ఆనుకుని, అంకె లేని అర ఒకటి ఉంది. దాన్ని నేను సున్నా అర అంటాను. నువ్వు అరలెన్ని అని అడిగినప్పుడు ఆరు అన్నాను గానీ అది చెప్పలేదు. అది లెక్కలోది కాదు, నాది. పుస్తకంలో కూడా రాసేవాణ్ణి కాదు, బుర్రలోనే ఉండేది. కాలు మరీ సున్నితంగా ఉన్నవాళ్ళవి, నా చేతులే పడాలి అనిపించినవాళ్ళవి అక్కడ పెట్టుకుంటాను. పక్షపాతం అంటారని ఎవరికీ చెప్పను. కంప్యూటర్‌కి సున్నా తెలుసన్నావుగా, ఇప్పుడు అవి కూడా ఎక్కించేశాను. పదకొండు అచ్చులు. బీరువా మూడు, అర సున్నా, గడి రెండు అని కొడితే ఒక్క మాట అనకుండా తీసుకుంది. సున్నా కొట్టొచ్చు కదా? పనిలో పనిగా ఒక ముక్క రాయి.

మూడు-సున్నా-రెండులో ఉన్నది మా కుట్టుపనావిడ. కుడికాలు, మోకాలి కింద. తొక్కుడు మిషన్ మీద బతుకు. పాత తొడుగు పగిలిందని వస్తే మొన్నే నేను కొత్త అచ్చు తీశాను. బడి తెరిచేలోగా నూట అరవై జతల బడిబట్టలు కుట్టి ఇవ్వాలి. "అన్నా, ఆరు వారాలుంది, ఈ కాలు మీదే ఉంది నా మాట" అని చెప్పి వెళ్ళింది.

గురువారం నా కుడికంటికి ఆపరేషన్. పది రోజులు గదికి రాను. ఆవిడ తొడుగు మా వర్క్‌షాపు మేస్త్రికి అప్పగించాను. నువ్వు వస్తావా? రాకపోయినా ఫరవాలేదు, అత్తయ్య ఉంది.

చెయ్యి సంగతి రాయలేదు నువ్వు.

మామయ్య


ఆఫీసు, భోజనాల గది,
మధ్యాహ్నం

మామయ్యకి,

రెండో బీరువా నాలుగో అర పక్కన గోడ స్తంభం ఉంది కదా. దానివల్ల ఆ అరలో ఏడు గడులే పట్టాయి. నీ పుస్తకంలోనే ఉంది, ఏడు పేర్లే ఉన్నాయి. నేనూ ఏడే ఎక్కించాను. లోపలి లిస్టులన్నీ ఒకే పొడుగు ఉండాలని రూలేం లేదు. నువ్వు ఎనిమిదోది అడిగావు, లేదంది. ఈసారి తప్పు దానిది కాదు, నాది కాదు. వెళ్ళి చూసి రా.

అది అరిచినప్పుడల్లా నామీద పడకు. ముందు ఏ బీరువా, ఏ అర అని చూసి, ఆ అరలో నిజంగా ఎన్ని గడులున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టు. తొంభై శాతం నీకే తెలిసిపోతుంది. నాకు ఇక్కడ ఇలాంటివే రోజుకి ఇరవై. ఇంటికొస్తే నీ ఉత్తరంలో కూడా అదే ఎర్ర అక్షరాలు. నాకూ ఒళ్ళు మండుతుందిగా.

ఇంతకీ కంటి ఆపరేషన్ అన్నావు, ఎప్పుడో ఒక్క ముక్క రాయలేదు.

కోడలు


అచ్చుల గది,
ఒంటి కన్నుతో

అమ్మా మహాతల్లీ,

ఒక్క ముక్క రాయలేదా? మూడో పేజీలో, గురువారం అని, కుడికన్ను అని, నువ్వు వస్తావా అని కూడా రాశాను. ఆపరేషన్ అయింది, కట్టు విప్పారు, నల్లద్దాలు పెట్టారు, నేను పనిలోకి కూడా వచ్చాను. నువ్వు ఎప్పుడని అడుగుతున్నావు. నీకు రాయడం కన్నా గోడకి చెప్పుకోవడం నయం. గోడైతే మళ్ళీ అడగదు.

స్తంభం మాట నిజమే. ఏడే ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నా ఎనిమిదే అనుకున్నాను. ఆ ఒక్కటీ నా తప్పు, రాసుకో.

ఇంక నీ తప్పు విను. నాలుగో బీరువా వచ్చింది. నువ్వు వెళ్ళేటప్పుడు "కొత్తది వస్తే ఈ వరస కొట్టు" అని కాగితం మీద రాసిచ్చి వెళ్ళావే, అదే కొట్టాను:

kottadi = [[""] * 8] * 6

కొత్త బీరువా వచ్చింది, ఆరు అరలూ వచ్చాయి, అన్నీ ఖాళీ. బ్రహ్మాండం అనుకున్నాను. మొదటి అర మూడో గడిలో ఒక తాపీమేస్త్రి పేరు కొట్టాను. తర్వాత చూస్తే రెండో అర మూడో గడిలో ఆయనే. మూడో అరలో ఆయనే. ఆరింటిలోనూ ఆయనే! చెరిపేద్దామని ఐదో అరలో చెరిపితే ఆరింటిలోనూ పోయాడు. ఒక్క కాలు పోగొట్టుకున్న మనిషికి ఆరు కాళ్ళు ఇచ్చి, మళ్ళీ ఆరూ లాక్కున్నాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇదే పని. మన వర్క్‌షాపు మేస్త్రి వచ్చి "గురువుగారూ, దెయ్యం పట్టిందేమో" అన్నాడు. దెయ్యం కాదురా, మా మేనకోడలు అన్నాను.

కుట్టుపనావిడకి కాలు తయారైపోయింది. నేను లేనప్పుడు మేస్త్రి చక్కగానే చేసి ఇచ్చాడు. కాకపోతే రెండుసార్లు వచ్చి గుచ్చుకుంటోంది అంది. కొత్త కాలు ఎవరికైనా కొన్నాళ్ళు గుచ్చుకుంటుంది, అలవాటు పడాలమ్మా అని చెప్పి పంపాను. నా కంటికి ఇంకా మసకే, సరిగ్గా చూడలేకపోయాను.

సున్నా సంగతి, చెయ్యి సంగతి, రెండూ బాకీ ఉన్నావు.

మామయ్య


మూడో అంతస్తు,
బుధవారం

మామయ్యకి,

దెయ్యం తప్పు ఒప్పుకుంటోంది. ఆ వరసలో నేను చేసిందేమిటంటే, ఒకే ఒక్క అర చేసి, "ఇదే, ఇదే" అని ఆరుసార్లు చూపించాను. ఆరు తలుపులున్నా లోపల గది ఒక్కటే. ఏ తలుపులోంచి పెట్టినా ఆ ఒక్క గదిలోకే పోతుంది. దాన్ని చెరిపి ఇది కొట్టు, ఇప్పుడు ఆరూ వేరువేరుగా తయారవుతాయి:

kottadi = [[""] * 8 for _ in range(6)]

నేర్చుకునే రోజుల్లో అందరూ చేసే తప్పు ఇది. నేను ఎనిమిదేళ్ళ నుంచి ఇదే పని చేస్తున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేసింది, అందుకే ఇంతకన్నా రాయను.

కన్ను జాగ్రత్త. చుక్కలు వేసుకుంటున్నావా?

కోడలు


అచ్చుల గది,
శుక్రవారం

నీకు,

కోపంగా రాయడం లేదు.

ఇవాళ రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన వచ్చాడు. పదేళ్ళుగా మా దగ్గరికే వస్తాడు. కుడికాలు, మోకాలి కింద. తొడుగు వదులైంది, మార్చమన్నాడు. పేరు కొట్టాను. లేదు అంది. అక్షరాలు మార్చి కొట్టాను, లేదు. ఆయన నా భుజం మీదుగా తొంగి చూసి, "ఇన్నేళ్ళు అందరి పేర్లూ చదివి ఇళ్ళు వెతికి పట్టుకున్నా. నా పేరే దొరకట్లేదా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయన అచ్చు మూడో బీరువా ఆరో అర రెండో గడిలో ఉండాలని నాకు గుర్తే. వెళ్ళి చూశాను. గడి ఖాళీ. మూడు-ఆరు-రెండు అని కంప్యూటర్లో కొట్టి, ఎవరున్నారని అడిగాను. కుట్టుపనావిడ పేరు చెప్పింది.

మోకాళ్ళ మీద కూర్చుని కింద సున్నా అరలో చూశాను. ఆవిడ అచ్చు నేను పెట్టిన చోటే ఉంది. కదిలించిన జాడ లేదు. దుమ్ము కూడా పట్టింది.

మేస్త్రిని పిలిచి, ఏ అచ్చు మీద చేశావురా అని అడిగాను. "పేరు కొట్టాను, మూడు-ఆరు-రెండు అంది, తెచ్చుకున్నాను. కొంచెం పెద్దగా అనిపించింది గురువుగారూ, కానీ కంప్యూటర్ చెప్పింది కదా అని అరగదీసి సరిచేశాను" అన్నాడు. వాణ్ణి ఏమనను?

ఆవిడ పోస్ట్‌మాన్ కాలి అచ్చు మీద చేసిన తొడుగు వేసుకుని మూడు వారాలుగా మిషన్ తొక్కుతోంది. మొన్న మూడోసారి వచ్చినప్పుడు మేజోడు తీసి చూపించింది. మోకాలి కింద చర్మం లేచిపోయి రక్తం. అప్పుడు కూడా నేను అలవాటు పడాలమ్మా అనే చెప్పాను. నా ఈ నోటితోనే.

డాక్టరు పది రోజులు కాలు తొడగొద్దన్నాడు. బడి తెరవడానికి పదిహేను రోజులుంది. ఇంకా డెబ్భై జతలు మిగిలాయట.

నేను సున్నా కొట్టొచ్చా అని నిన్ను అడిగాను. జవాబు రాలేదు. నువ్వు ఏం చేశావో, నేను ఏం చేశానో నాకు తెలియాలి. అది ఎందుకు అరవలేదు?

మామయ్య


మూడో అంతస్తు,
ఉత్తరం అందిన గంటకి

మామయ్యా,

నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. ఇవాళే మొదటిసారి చదివాను. అబద్ధం కాదు. నేను నీ ఉత్తరం విప్పగానే ఎర్ర అక్షరాలు ఉన్న పేజీ వెతుక్కుని, అదొక్కటే సరిగ్గా చదివి, మిగతా పేజీలు పైపైన తిప్పేసి, జవాబు రాసేసేదాన్ని. మిగతాది మామయ్య కబుర్లు, తీరిగ్గా చదువుకోవచ్చులే అని పక్కన పెట్టేదాన్ని. ఆ తీరిక ఎప్పుడూ రాలేదు. గురువారం అని రాశావు. వస్తావా అని అడిగావు. సున్నా అర గురించి ఒక పేజీ రాశావు, కొట్టొచ్చా అని అడిగావు. అన్నీ ఉన్నాయి. నాకు ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

ఎందుకు అరవలేదో చెప్తాను. నువ్వు అర సున్నా అన్నావు. నేను రాసిన వరస ఒకటి తగ్గించింది. సున్నాలోంచి ఒకటి పోతే మైనస్ ఒకటి. ఎవరైనా అలాంటి అర లేదు అంటారు. పైథాన్ అనదు. మైనస్ ఒకటి అంటే దానికి చివర నుంచి మొదటిది అని అర్థం. అదొక సదుపాయం, మేం రోజూ వాడుకుంటాం. అందుకే నిన్ను ఏమీ అడక్కుండా పై అరకి, అంటే ఆరో అరకి వెళ్ళింది. అక్కడ రెండో గడిలో పోస్ట్‌మాన్ పేరుంది. దాన్ని తుడిచేసి ఆవిడ పేరు రాసింది. నువ్వు సున్నా అరలో ఎక్కించిన పదకొండు పేర్లూ అలాగే ఆరో అరల్లో పదకొండు పేర్లని తుడిచేశాయి. అరిచినవాటికి మనిద్దరం విసుక్కున్నాం. అసలు నష్టం నోరు మెదపకుండా జరిగిపోయింది.

అంకె ఒకటి కన్నా తక్కువైతే ఆపమని ఒక్క వరస రాస్తే సరిపోయేది. రాద్దామని అప్పుడే అనిపించింది కూడా. సున్నా ఎవరు కొడతారులే అనుకున్నాను. నువ్వు కొట్టావు, కొట్టానని నాకు రాశావు.

నీ పుస్తకం దేవుడి దయ వల్ల నా దగ్గరే ఉంది. రిజిస్టర్ పోస్టులో వెనక్కి పంపిస్తున్నాను. అందులోంచి ఆరో అరల పేర్లన్నీ విడిగా ఒక కాగితం మీద రాశాను, తుడిచిపెట్టుకుపోయిన పదకొండూ వాటిలోనే ఉన్నాయి. మిగతా పదిమంది అచ్చులు ఎవరూ ముట్టుకోకముందే గడులకి ఎర్ర దారం కట్టు.

ఇప్పుడు మార్చాల్సింది. ఈ రెండు వరసలూ ఒక్కసారే నడపాలి:

for b in beeruva:
    b.insert(0, [""] * 8)

ప్రతి బీరువాకీ అడుగున సున్నా అర పుడుతుంది. తర్వాత నలభై ఒకటో వరసలో ara-1 ఉన్నచోట -1 తీసెయ్యి, ara అని ఉంచు. చోటు చెప్పే వరసలో అరకి కలిపే ఒకటి కూడా తీసెయ్యి. ఇక నీ సున్నా దానికీ సున్నాయే, నీ ఒకటి దానికీ ఒకటే. నీ బీరువా మొదట్నుంచీ సున్నా నుంచే మొదలవుతోంది మామయ్యా. నేను ఒకటి నుంచి అనుకున్నాను. బీరువా, గడి అంకెలకి సున్నా కొట్టినా, అర మైనస్ కొట్టినా ఆపి అరిచేలా ఇంకో నాలుగు వరసలు వేరే కాగితం మీద ఉన్నాయి. నెమ్మదిగా కొట్టు.

ఆవిడకి నేను ఏం చెయ్యగలను? రాయి. నాలుగు పేజీలు రాయి, నలభై రాయి.

కోడలు


అచ్చుల గది,
రెండు వారాల తర్వాత

కోడలు పిల్లకి,

నీ వరసలు కొట్టాను. ఒక్కసారికే కుదిరాయి. పుస్తకం అందింది, తలగడ పక్కన పెట్టుకున్నాను. పదిమంది అచ్చులూ భద్రం. పోస్ట్‌మాన్‌కి మళ్ళీ అచ్చు తీశాను, ఆయనేమీ అనుకోలేదు. "పేరు పోయినా మనిషి ఉన్నాను కదా" అన్నాడు.

ఆవిడ దగ్గరికి వెళ్ళడానికి నాకు ఒకరోజు పట్టింది. వాళ్ళ కొట్టు మెట్ల కింద చిన్న గది. కత్తిరించిన నీలం గుడ్డ దొంతరలుగా ఉంది. ఎడమకాలితో మిషన్ తొక్కుతోంది, అలవాటు లేక కుట్టు వంకర పోతోంది. ముక్కాలిపీట మీద కూర్చుని అంతా చెప్పేశాను. అచ్చు మారింది, కాలు నీది కాదు, నాదే పొరపాటు అని.

మిషన్ ఆపింది. తర్వాత అంది: "మూడుసార్లు వచ్చాను అన్నా. నొప్పి అని నేను చెప్తే వినలేదు మీరు. కాలు నాది కదా, నాకు తెలీదా? ఆ పెట్టె చెప్తే మాత్రం విన్నారు."

నిన్ను తిట్టుకుంటూ వెళ్ళినవాణ్ణి, అక్కడ నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వు నా ఉత్తరం చదవలేదు, నేను ఆ మనిషి కాలు చూడలేదు. ఇంక నిన్ను ఏ మొహంతో అంటాను?

డాక్టరు చెప్పిన పది రోజులూ ఆవిడని మిషన్ తొక్కనివ్వలేదు. మేస్త్రి పని అయ్యాక వెళ్ళి మిషన్ తొక్కాడు, ఆవిడ పక్కన కూర్చుని గుడ్డ నడిపింది. మీ అత్తయ్య గుండీలు కుట్టింది. నాకు కన్ను ఆనక పోగులు లాగాను. ఈలోగా సున్నా అరలోని అచ్చు మీద తొడుగు నేనే చేశాను, వేరే చెయ్యి పడనివ్వలేదు. పదకొండో రోజు తొడిగాం. లేచి నిలబడింది. గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది. మళ్ళీ నడిచింది. ఏమమ్మా అని అడిగాను. ఈసారి జవాబు పూర్తయ్యేదాకా ఆగాను. "గుర్తు రావట్లేదు అన్నా, తొడుగున్నట్టు" అంది. నాకు ఏడుపొచ్చింది, కంట్లో చుక్కల వల్ల అని చెప్పాను.

వెళ్ళేముందు తన అచ్చు చూపించమంది. చూపించాను. నా జేబులోని పెన్సిలు లాక్కుని దాని మీద తన పేరు రాసింది, ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాలతో. మా దగ్గర రాయమమ్మా, చూసినవాళ్ళు బాధపడతారు అన్నాను. "నా పేరు చూసి నేనెందుకు బాధపడతాను? ఇంకోసారి ఇంకెవరి కాలో ఇస్తే బాధపడతాను" అంది. రూలు పెట్టింది నేనే, తీసేసిందీ ఇవాళ నేనే. ఇకనుంచి వచ్చినవాళ్ళనే అడుగుతాం. రాసుకుంటామంటే పెన్సిలు ఇస్తాం.

నూట అరవై జతలూ బడి తెరిచే ముందురోజు సాయంత్రం వెళ్ళిపోయాయి. నాలుగు చొక్కాలకి గుండీలు తారుమారయ్యాయట. మీ అత్తయ్య అవి తను కుట్టినవి కావంటోంది.

ఇంకేముంది? ఎడమకంటికి ఆపరేషన్ వచ్చే నెల రెండో మంగళవారం. నల్లద్దాలు విరిగాయి. నాలుగో బీరువా తలుపు పట్టేస్తోంది.

దీవెనలు.
మామయ్య


మూడో అంతస్తు,
అందిన రోజే

మామయ్యకి,

రెండో మంగళవారం. ఎడమకన్ను. సోమవారం పొద్దున్నే దిగుతాను. పదిరోజులు సెలవు పెట్టాను. నల్లద్దాలు కొన్నాను. తలుపుకి కిందిబందులో కొంచెం నూనె వెయ్యమని మేస్త్రితో చెప్పు. గుండీలు అత్తయ్యవే, నాకు తెలుసు, చెప్పనులే.

కుట్టుపనావిడకి నేను వచ్చి నా నోటితో చెప్పుకుంటాను. నువ్వు పక్కన ఉండొద్దు.

నువ్వు మొదటి ఉత్తరంలో అడిగినదానికి జవాబు ఇంకా ఇవ్వలేదు. ఎక్కించు. అది ఎక్కడుందో నువ్వు చెప్పలేదు గానీ నాకు తెలుసు. కుట్టుపనావిడ రెండో గడిలో ఉంటే మొదటి గడిలో ఇన్నేళ్ళుగా ఎవరున్నారో ఊహించలేనా? బీరువా మూడు, అర సున్నా, గడి ఒకటి, కుడిచెయ్యి. పేరు మాత్రం కొట్టకుండా ఉంచు. పెన్సిలు పట్టుకుని నేను వస్తున్నాను.

కోడలు